పాత పెద్దదా, కొత్త చిన్నదా?
ల్యాప్‌టాప్ బేరమునకు గల చరిత్ర

పరీక్షా ఫలితములు వెలువడి, కళాశాలలో సీటు ఖాయమైన పిమ్మట మన ఇండ్లలో ఒక చర్చ తప్పక పుట్టును. పిల్లవానికో, పిల్లకో ల్యాప్‌టాప్ కొనవలెను. చేతిలోని సొమ్ము ఇంత అని ముందే తేలియున్నది. ఆ సొమ్మునకు అంగడివాడు రెండు యంత్రములను బల్లమీద పెట్టును. మొదటిది రెండేండ్ల క్రిందటిది. వెలువడిన నాడు తన వంశములో జ్యేష్ఠము, ధరలోను దర్జాలోను పైమెట్టుది. నేడు ధర దిగివచ్చినది. రెండవది ఈ యేటి సరుకు. కాని తన వంశములో కనిష్ఠము. తండ్రి మొదటిదాని బరువు చూచి మొగ్గును. పిల్లలు రెండవదాని పేరు విని మొగ్గుదురు. తల్లి రెండింటి ధరయు ఇంకను తగ్గునేమోయని చూచును.

రేడియో గల ఇండ్లకు ఈ చర్చ క్రొత్తది కాదు. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టినది. 1954లో నాలుగే ట్రాన్సిస్టర్లతో, చేతిలో పట్టు రీజెన్సీ రేడియో అచ్చట అంగడికి వచ్చినది. ధర 49 డాలర్ల 95 సెంట్లు. గదిలో మూల నిలిచిన వాల్వుల పెట్టెతో పోల్చినచో దాని గొంతు పీలగా నుండెను. ఐనను వాల్వు వేడెక్కువరకు కాచుకొను పని లేదు. గోడలో విద్యుత్తు అక్కరలేదు. సెల్లులు వేసికొని పొలము గట్టునకైనను కొనిపోవచ్చును. పెద్ద పెట్టెను మెచ్చుకొన్నవారు దాని నాదమును గూర్చి చెప్పినది సత్యమే. చిన్నదానిని కొన్నవారు చూచినది వేరొక గుణము. ఈ రెండు సత్యములు ఒకే తరాజులో తూగవు. చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది.

వెంట కొనిపోదగిన కంప్యూటర్ల చరిత్రలో ఈ చిక్కు మొదటినుండియు కలదు. 1981లో వచ్చిన ఆస్‌బోర్న్ 1 యంత్రము పదునొకండు కిలోల బరువు, ఐదంగుళముల తెర, 1,795 డాలర్ల ధర. కుట్టుమిషను పెట్టెవలె నుండు ఆ వస్తువును చంకన బెట్టుకొని తిరిగినవారు అదృష్టవంతులుగా నెంచబడిరి. 1983 ఆరంభములో ఆ సంస్థ పెద్ద తెరగల మరియొక నమూనా వచ్చుచున్నదని చాటినది. కొనదలచినవారు చేయి వెనుకకు తీసికొనిరి. సెప్టెంబరులో సంస్థ దివాలా తీసినది. క్రొత్తదానిని ముందుగా చాటి పాతదాని గొంతు తానే కోసికొను వ్యాపార దోషమునకు నేటికిని ఆ సంస్థ పేరే ఉన్నది. ఈ కథను పూర్తిగా నమ్మనివారును కలరు. అదే 1,795 డాలర్లకు తొమ్మిదంగుళముల తెరతో కేప్రో యంత్రము 1982లోనే పోటీకి వచ్చినదని వారందురు. మాకును ఈ మాటలో బరువు కనబడుచున్నది. ఏది యెట్లున్నను, కొనువాడు ఆగి ఆలోచించినచో ఒక కర్మాగారము మూతపడగలదన్న భయము నాటినుండి తయారీదారులకు పట్టుకొన్నది.

1991 అక్టోబరులో ఆపిల్ సంస్థ పవర్‌బుక్ అను పేర మూడు యంత్రములను విడుదల చేసినది. వానిలో పైమెట్టుది 170. ధర సుమారు 4,600 డాలర్లు. పది నెలలు గడవకముందే, 1992 ఆగస్టులో, 145 అను సామాన్య నమూనా సుమారు 2,150 డాలర్లకు వచ్చినది. రెండింటిలోను ప్రాసెసరు ఒకటే, వేగము ఒకటే: 25 మెగాహెర్ట్‌జ్. కాగితముమీద చూచినవాడు సగము ధరకు అదే వస్తువు దొరికినదని చంకలు గుద్దుకొనును. భేదము తెర వెలిగించిన గాని తెలియదు. 170 తెరలో ప్రతి చుక్కకును దాని ట్రాన్సిస్టరు దానికే ఉండెను. చిత్రము నిలకడగా, పదునుగా కనబడెడిది. 145 తెరకు ఆ భాగ్యము లేదు. మౌసు బాణమును కొంచెము వేగముగా కదిపినచో అది నీటిలో మునిగిన చేపవలె మాయమై మరియొకచోట తేలెడిది. గణితమునకు ప్రత్యేకించిన చిప్పు కూడ 170లోనే గలదు. ఉత్తరములు వ్రాసికొనువానికి ఈ భేదములు లెక్కలోనివి కావు. దినమునకు ఎనిమిది గంటలు ఆ తెరవంక చూచువానికి అవియే సర్వస్వము.

ఇంతవరకు చెప్పినది పరదేశపు ముచ్చట. తెలుగువారికి ఈ చర్చ అక్షరాలా అక్షరముల చర్చయైన సంవత్సరము ఒకటి కలదు. 2001 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ విండోస్ ఎక్స్‌పీ వెలువడినది. అంతకు పూర్వపు విండోస్ 98లో తెలుగు లిపికి స్థానము లేదు. తెలుగు టైపు చేయుటకు వేర్వేరు ఫాంటు పొట్లములు ఉండెను. ఒక్కొక్కదాని సంకేతము ఒక్కొక్క తీరు. ఒక యంత్రమున వ్రాసిన వ్యాసమును అదే పొట్లము లేని మరియొక యంత్రమున తెరచినచో, తెలుగు బదులు ఆంగ్లాక్షరములును వింత గుర్తులును బారులు తీరెడివి. మాబోటి ప్రసంగ రచయితలకు ఆ బాధ కంఠోపాఠము. ఎక్స్‌పీతో గౌతమి అను తెలుగు ఫాంటు వచ్చినది. గోదావరి పేరుగల ఆ ఫాంటు సౌందర్యమును గూర్చి మాకు గొప్ప అభిప్రాయము లేదు. ఒత్తులు ఇరుకున పడినట్లుండును. కాని, ఇచ్చట వ్రాసిన “అమ్మ” యూనికోడ్ గుర్తించు యంత్రమునందెల్ల “అమ్మ”గానే ఉండెను.

ఇక్కడ బేరపు సంగతి చూడవలెను. 1998లో భారీధర పెట్టి కొన్న పెద్ద తరగతి ల్యాప్‌టాపునకు గట్టి శరీరము, మంచి కీబోర్డు ఉండవచ్చును. ఎక్స్‌పీకి కనీసము 64 మెగాబైట్ల మెమరీ కావలెను. 128 ఉన్ననే సుఖము. ఆ పాత దొరలలో అంత మెమరీ లేనివి అనేకములు. 2002లో వచ్చిన సామాన్యపు ల్యాప్‌టాపు, ప్లాస్టిక్కు ఒళ్ళుతో, కదిపిన కిర్రుమనుచునే, మన లిపిని చూపగలిగినది. ఆపిల్ యంత్రములలో తెలుగు ఫాంట్లు 2011 నాటి లయన్ వ్యవస్థతో గాని రాలేదు. దీనిలో ఒక విచిత్రమున్నది. 2006లో ఆపిల్ తన పాత పవర్‌పీసీ ప్రాసెసర్లను వదలి ఇంటెల్‌ను చేరినది. పాత పవర్‌బుక్ జీ4ను వదలి, ఆ మే నెలలో 1,099 డాలర్లకు వచ్చిన క్రొత్త మ్యాక్‌బుక్‌ను కొన్నవారు తెలివైనవారనిపించుకొనిరి. 2009 వ్యవస్థ పవర్‌పీసీలను వెలివేసినపుడు వారి తెలివి రుజువైనది. కాని ఆ మొదటి మ్యాక్‌బుక్‌లోని కోర్ డ్యూయో ప్రాసెసరు 32 బిట్లది. లయన్‌కు 64 బిట్లవి కావలెను. ఐదేండ్లలో తెలివైనవారును బయటనే నిలిచిరి. ఆరు మాసములు ఓపిక పట్టి కోర్ 2 డ్యూయో కొన్నవారు లోపలికి పోయిరి.

అంకెల మాట కూడ ఒకింత చెప్పుకొనవలెను. 2003 మార్చిలో ఇంటెల్ సంస్థ ఇజ్రాయెలులోని హైఫా బృందము రూపొందించిన పెంటియం ఎం వెలువడినది. దాని వేగము 1.6 గిగాహెర్ట్‌జ్, అంతకు ముందటి ల్యాప్‌టాపు పెంటియం 4 వేగము 2.4. అంకె చూచి బేరమాడువానికి క్రొత్తది వెనుకబడినట్లే. పనిలో పెట్టి చూచిన పరీక్షకులు మాత్రము అనేక విషయములలో అది పాతదానితో సరితూగుననియు, కొన్నిట మించుననియు తేల్చిరి. పైగా పాతది 35 వాట్లు త్రాగుచోట ఇది 25 వాట్లు మించదు. గిత్త అడుగుల సంఖ్య లెక్కించి పందెము కట్టినవారు నాడు నష్టపోయిరి.

ఇన్ని తెలిసియు మేము పొరబడితిమి. 2017 చివర మా అన్నగారి కుమార్తె ఇంజనీరింగు రెండవ సంవత్సరమున ఉండగా, ల్యాప్‌టాపు ఎంపిక మామీద పడినది. బల్లమీద రెండు యంత్రములు. ఒకటి ఏడవ తరపు ఇంటెల్ ఐ7, ఏడాది పాతది, లోహపు ఒళ్ళు, ధర తగ్గించినది. రెండవది అప్పుడే వచ్చిన ఎనిమిదవ తరపు ఐ5. మొదటిదాని పునాది వేగము 2.7 గిగాహెర్ట్‌జ్, రెండవదానిది 1.6. ఏడు పెద్దదా, ఐదు పెద్దదా యన్నచో చంటిపిల్లయు చెప్పును. “బాబాయ్, ఆ పాతదానిలో కోర్లు రెండే, దీనిలో నాలుగున్నాయి” అని అమ్మాయి మెల్లగా అన్నది. అది నిజము. 2017 ఆగస్టులో ఇంటెల్, అదే 15 వాట్ల తరగతిలో, రెండు కోర్లను నాలుగు చేసినది. ఆ విడుదలలో ఐ5యే అన్నిటికంటె క్రింది మెట్టు. ఆ క్రింది మెట్టు నిన్నటి పై మెట్టుకంటె ఎత్తుగా నుండెను. మేము వినలేదు. ఏనుగు చచ్చినను వెయ్యే, బ్రతికినను వెయ్యే యని సామెత చెప్పి, ఐ7 కొనిపించితిమి. నాలుగవ సంవత్సరపు ప్రాజెక్టు కాలములో ఆమె రాత్రులు ఆ యంత్రము లెక్క ముగించువరకు కూర్చుండి యుండుట మేము చూచితిమి. ఆమె మమ్ము ఏమియు అనలేదు. అన్నచో బాగుండెడిది.

అంతటితో పోలేదు. 2021 అక్టోబరు 5న విండోస్ 11 వచ్చినది. ఇంటెల్ ప్రాసెసర్లలో, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఎనిమిదవ తరము మొదలు పైవానికే ప్రవేశము. గీత సరిగా ఆ రెండు యంత్రముల నడుమ పడినది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ రక్షణ సవరణలు నిలిచిపోయినవి; నమోదు చేసికొన్న గృహస్థులకు మాత్రము ఒక సంవత్సరము గడువు పొడిగించిరి. గీత ఎచ్చట పడునో 2017లో ఎవరికిని తెలియదు. ఆ మేరకు మా తప్పు లేదు. కోర్ల సంఖ్య మాత్రము ఆనాడే పెట్టెమీద అచ్చు వేసి యున్నది.

ఇట్లని క్రొత్తదే కొనవలెనని సూత్రము కట్టినచో అదియు నిలువదు. దీనికి ఆపిల్‌వారి ఇటీవలి చరిత్ర మంచి సాక్ష్యము. 2019 నవంబరులో వచ్చిన పదునారంగుళముల మ్యాక్‌బుక్ ప్రో ధర 2,399 డాలర్లనుండి. 64 గిగాబైట్ల మెమరీ వరకు పెట్టించుకొనవచ్చును. సరిగా ఏడాదికి, 2020 నవంబరులో, ఎం1 అను సొంత చిప్పుతో 999 డాలర్ల మ్యాక్‌బుక్ ఎయిర్ వచ్చినది. దానికి ఫ్యాను కూడ లేదు. ఆ ఫ్యాను లేని పలుచని యంత్రము, సామాన్యముగా చేయు పనులలో, రొదపెట్టు ఆ పెద్దదానిని దాటిపోయినది. 64 గిగాబైట్లు నిజముగా కావలసినవారు, బయట రెండు మూడు తెరలు తగిలించుకొనువారు మాత్రము పెద్దదానితోనే ఉండిపోయిరి. ఎయిర్‌కు 16 మించి మెమరీ లేదు, బయటి తెర ఒక్కటే. 2025లో వచ్చిన టాహో, ఇంటెల్ యంత్రములకు కడపటి వ్యవస్థ యని ఆపిల్ ప్రకటించినది.

ఇక 2022 చూడుడు. ఎం2 చిప్పుతో క్రొత్త ఎయిర్ 1,199 డాలర్లకు వచ్చినది. దాని ప్రక్కన ముందటి యేటి పదునాలుగంగుళముల ప్రో, ఎం1 ప్రో చిప్పుతో, 1,999 డాలర్లది. ఎనిమిది వందల భేదము చూచి ఎయిర్ చవుక యనుకొందుము. ఎయిర్‌లో మెమరీ 8, స్టోరేజి 256. ప్రోలో ఉన్నట్లే 16, 512 చేయించినచో ధర 1,599 అగును. ఆ అడుగు నమూనాలో స్టోరేజికి ఒకే చిప్పు వాడుటచే, అది ఎం1 ఎయిర్‌కంటెను మందగించినట్లు పరీక్షకులు కనిపెట్టిరి. ఒంటి కోరు వేగములో ఎం2 కొంత ముందు. కోర్లన్నియు కలిసి లాగునపుడు పాతదే ముందు. మెమరీకిని ప్రాసెసరునకును నడుమ దారి, పాతదానిలో సెకనుకు 200 గిగాబైట్లు, క్రొత్తదానిలో 100. తెర, స్పీకర్లు, హెచ్‌డీఎంఐ రంధ్రము, కెమెరా కార్డు పెట్టు చోటు, ఇవన్నియు పాతదానివైపే.

2020లో చిప్పు జాతియే మారినది. 2017లో కోర్ల లెక్క మారినది. 2001లో లిపి వచ్చినది. 2022లో అట్టిదేమియు లేదు, పేరులోని అంకె ఒకటి పెరిగినది. అంగడిలో మేము మొదట అడుగవలసిన ప్రశ్న ఈ భేదమును గూర్చినదే యని ఇంత కాలమునకు గ్రహించితిమి. బల్లమీద పక్కపక్కన పెట్టి చూచినచో అది కనబడదు.

2023లో ఉద్యోగములో చేరిన మా అమ్మాయి తన జీతముతో ల్యాప్‌టాపు కొనదలచి, మర్యాదకై మమ్మును అడిగినది. ఒకమారు దెబ్బ తిన్నవారము గనుక, “కొత్తదే కొను తల్లీ, అడుగు మెట్టుదైనా సరే” అని గట్టిగా చెప్పితిమి. ఆమె నవ్వి, 2021 నాటి పెద్దదానిని తగ్గింపు ధరకు తెచ్చుకొన్నది. ఇంటెల్ ఐ7ను మాకు ఇచ్చివేసినది. దానిలో విండోస్ తీసివేసి, ఖర్చులేని లినక్స్ వేసిపెట్టినది కూడ ఆమెయే. ఈ ప్రసంగపాఠము దానిమీదనే టైపు చేసితిమి. బ్యాటరీ ముప్పావు గంటకు మించి నిలువదు. తీగ గోడకు తగిలించియే ఉంచుచున్నాము. కీబోర్డు మాత్రము నేటికిని దివ్యముగా నున్నది.