కొండ దిగని టిప్

1953 డిసెంబరు 12, శనివారం. ఇంగ్లండులోని డెర్వెంట్ లోయలో ఎనిమిది దాటితే గాని పొద్దు పొడవని రోజులవి. సాయంత్రం నాలుగు కొట్టకముందే చీకటి పడిపోతుంది. ఎనభై దాటిన జోసెఫ్ టాగ్ తన కుక్కతో ఇల్లు కదిలాడు. చేతిలో కర్ర ఉండే ఉంటుంది. బతుకంతా గొర్రెల వెంట నడిచిన మనిషి కర్ర లేకుండా కొండెక్కడు. కుక్కను గట్టిగా పిలవాల్సిన పని కూడా ఉండి ఉండదు. టిప్‌కి పదకొండేళ్లు. ఆ వయసు కాపరికుక్కకి యజమాని బూట్ల చప్పుడే పిలుపు.

ఇద్దరూ హౌడెన్ మూర్ వైపు వెళ్లారు. ఆ రాత్రి ఇద్దరిలో ఒక్కరూ ఇంటికి రాలేదు.

ఈ కథను నేను మొదట చదివింది పుస్తకంలో కాదు, ఒక రాతి మీద. మా అన్నయ్య కొడుకు షెఫీల్డ్‌లో ఉంటాడు. వాడింటికి వెళ్లిన అక్టోబరులో ఒక ఆదివారం పొద్దున్నే, "అత్తా, బూట్లు వేసుకో, చెరువు చుట్టూ నడిచొద్దాం" అన్నాడు. వెనక సీట్లో కాటుక. నల్లటి ఒళ్లు, ఛాతీ మీద మాత్రం చారెడు తెలుపు. బోర్డర్ కోలీ పోలికలున్న ఆడకుక్క. పేరు పెట్టింది వాడి భార్య.

షెఫీల్డ్ దాటి స్నేక్ పాస్ రోడ్డు మీద కొంతదూరం వెళ్తే లోయ ఒక్కసారిగా విప్పుకుంటుంది. ఒకదాని తలాపున ఒకటిగా మూడు జలాశయాలు. పైన హౌడెన్, నడుమ డెర్వెంట్, దిగువన లేడీబోవర్. పై రెండు ఆనకట్టలను 1901, 1916 మధ్య రాతితో కట్టారు. ఆ కూలీల కోసం రేకుల ఇళ్లతో ఒక ఊరే వెలిసింది. బర్చిన్‌లీ దాని పేరు, జనం నోట మాత్రం 'టిన్ టౌన్'. ఒడ్డు వెంట అడవిలో నడుస్తుంటే ఆ ఊరి ఆనవాళ్లు ఇప్పటికీ కాలికి తగులుతాయి. లేడీబోవర్ నింపినప్పుడు యాషప్టన్, డెర్వెంట్ అనే రెండు ఊళ్లు మునిగిపోయాయి. డెర్వెంట్ చర్చి స్మశానంలోని అస్థికలను తవ్వి తీసి బామ్‌ఫోర్డ్‌లో మళ్లీ పూడ్చారు. చర్చి శిఖరం కొన్నాళ్లు నీళ్లలోంచి తల ఎత్తి నిలబడింది, 1947లో దాన్నీ పేల్చేశారు. శ్రీశైలం నీళ్లకి ఊళ్లొదిలిన వాళ్ల మధ్య పెరిగిన నాకు ఆ నీటి నునుపు చూస్తూ నడవడం ఎప్పుడూ తేలిక కాదు.

ఫెయిర్‌హోమ్స్ దగ్గర కారు ఆపి పడమటి ఒడ్డున పైకి నడిచాం. డెర్వెంట్ ఆనకట్ట ఎదురుగా నిలువెత్తు కోటలా ఉంటుంది, రెండు చివరలా రెండు బురుజులు. 1943లో జర్మనీ ఆనకట్టల మీద దాడికి వెళ్లే ముందు 617 స్క్వాడ్రన్ విమానాలు సాధన చేసింది ఈ నీటి మీదే. చూడటానికి వచ్చేవాళ్లంతా ఆ బురుజులనే ఫొటో తీసుకుంటారు. వాటికి కాస్త ఇవతల, రోడ్డు పక్కన, పెద్ద హంగేమీ లేని రాయి ఒకటుంది. కాటుక ముందుగా అక్కడ ఆగి గడ్డి వాసన చూసింది. దాని వల్లే నేనూ ఆగాను.

టిప్ అనే కాపరికుక్క చనిపోయిన తన యజమాని జోసెఫ్ టాగ్ శరీరం పక్కన, హౌడెన్ మూర్ మీద పదిహేను వారాలు ఉండిపోయిందని అందులో ఉంది. తారీఖులు కూడా చెక్కారు. డిసెంబరు 12 నుంచి మార్చి 27 దాకా. చివర్లో, ఈ రాయి జనం చందాలతో నిలిపిందని.

వేళ్ల మీద లెక్కేశాను. నూట అయిదు రోజులు. శనివారం వెళ్లారు, శనివారమే దొరికారు.

"చలికాలమంతానా?" అన్నాను.

"చలికాలమంతా, అత్తా" అన్నాడు వాడు. కాటుక లీష్ మెల్లగా దగ్గరికి లాక్కున్నాడు.

మూర్ అంటే ఏమిటో చూడనివాళ్లకు ఆ నూట అయిదు రోజులు అందవు. చెరువు ఒడ్డున పైన్, స్ప్రూస్, లార్చ్ చెట్ల నీడ ఉంది. ఆకులు రాల్చే ముందు లార్చ్ బంగారు రంగుకి తిరుగుతుంది, మేం వెళ్లిన నాటికి దారంతా దాని సూదులే. ఆ అడవిని దాటి ఏ వాగు పక్కనో పైకి ఎక్కండి, చెట్టు అన్నది అయిపోతుంది. మోకాలెత్తు హెదర్ పొదలు, తెల్లని దూది కుచ్చులు పూసే తడిగడ్డి, వాటి కింద వేల ఏళ్లుగా మురిగి నల్లబడిన పీట్ నేల. వాన నీరు ఆ నేలను కోసుకుంటూ పోయి మనిషి లోతు చీలికలు చేస్తుంది. అందులో నిలబడితే ఇరవై అడుగుల అవతల ఉన్నవాడికి మీ తల కనపడదు. పొగమంచు దిగితే మీకే మీ చెయ్యి కనపడదు. టాగ్ కోసం వెతికిన వాళ్లకు ఆయన ఎందుకు దొరకలేదో పైకి వెళ్లి ఒక్కసారి చుట్టూ చూస్తే చాలు, తెలిసిపోతుంది. వాళ్లని తప్పు పట్టలేం.

అక్కడ ఏం జరిగిందో చూసిన కళ్లు రెండే, టిప్‌వి. మనం చేయగలిగిందల్లా ఆ నేలను, ఆ జాతి కుక్కను తెలుసుకుని, మిగతాది జాగ్రత్తగా పూరించుకోవడం.

ముసలాయన ఎక్కడో కూలబడ్డాడు. గొర్రెల కుక్క అలాంటప్పుడు మొదట దగ్గరికి రాదు. కాస్త దూరంలో బొర్లా పడుకుని, ముందరి కాళ్ల మీద గడ్డం ఆనించి, మనిషి ముఖం చూస్తుంది. అది దాని శిక్షణ. కమ్ బై అంటే మంద చుట్టూ ఒక వైపు నుంచి తిరగాలి, ఎవే అంటే రెండో వైపు నుంచి. లై డౌన్ అంటే ఉన్నచోటే పడుకోవాలి. ఇక పని ముగిసింది, వచ్చెయ్ అనడానికి వాళ్లకో మాట ఉంది: దటిల్ డూ. ఇక చాలు అని. ఎంత అలసిపోయినా ఆ మాట వినేదాకా మంచి కాపరికుక్క పని వదలదు. కాపరుల జీవితంలో అన్నిటికన్నా మెత్తగా పలికే ఆజ్ఞ అదేననుకుంటాను. టిప్ ఆ సాయంత్రం చెవులు రిక్కించి దాని కోసమే ఎదురుచూసి ఉంటుంది. ఆ మాట రాలేదు.

తర్వాత దగ్గరికి జరిగి ఉంటుంది. చేతి మీద మూతి పెట్టి ఉంటుంది. చలి మొదలైన శరీరానికి తన పక్కటెముకలు ఆనించి పడుకుని ఉంటుంది. ఇంట్లో కుక్కను పెంచుకున్నవాళ్లకి ఆ బరువు తెలుసు.

ఇక్కడి నుంచే నాకు కంటికి కునుకు లేకుండా చేసిన ప్రశ్న మొదలవుతుంది. ఆ చలిలో నూట అయిదు రోజులు తిండి లేకుండా ముసలి కుక్క బతకడం నమ్మలేం. నీళ్లకి ఆ కొండ మీద కొదవ లేదు. తిండి? చలికి చచ్చిన గొర్రె ఎక్కడో ఉండొచ్చు. ఆ కొండల్లో చలికాలం తెల్లబడే కుందేళ్లున్నాయి. హెదర్‌లో గ్రౌస్ పక్షులున్నాయి, మనిషి అలికిడైతే వెళ్లిపో వెళ్లిపో అన్నట్టు అరుస్తూ లేచే పిట్టలు. పదకొండేళ్ల ముసలి కుక్కకి వాటిలో ఎన్ని దొరికి ఉంటాయి! అయినా ఏదో దొరికింది, లేకపోతే టిప్ బతికి ఉండేది కాదు. అంటే అది లేచి వెళ్లింది. ఆకలికి ఆ శరీరాన్ని వదిలి కొండ మీద తిరిగింది.

తిరిగి, మళ్లీ వచ్చింది.

రాయి మీద టిప్ 'ఉండిపోయింది' అని చెక్కారు. నాకు ఆ మాట చాలదు. ఉండిపోవడం ఒక్కసారి చేసే పని. టిప్ చేసింది అది కాదు. ఎన్నిసార్లు లేచిందో అన్నిసార్లూ వెనక్కి వచ్చింది. అది దారి తప్పిన కుక్క కూడా కాదు. ఆ కొండ దాని పాఠశాల. ఏ వాగు పట్టుకుని దిగినా చెరువొడ్డున తేలుతుంది, అక్కణ్ణుంచి రోడ్డు, రోడ్డు మీద మనుషులు. రాత్రిపూట కింద దీపాలు కనపడి ఉంటాయి. గాలి అటు తిరిగినప్పుడు పొయ్యిల పొగ వాసన ముక్కుకి తగిలి ఉంటుంది. కుక్క ముక్కుకి అది ఎంత దగ్గర! జనవరి నెలాఖరుకి ఇంగ్లండు అంతా గడ్డకట్టే చలి పట్టింది. దిగే దారి తెలుసు, దిగే కాళ్లున్నాయి. దిగలేదు.

దీన్ని విశ్వాసం అంటాం మనం. ఆ మాట విని విని అరిగిపోయింది, కుక్క అనగానే నోటికి వచ్చేస్తుంది. ఈ ఒక్కచోట మాత్రం దాన్ని కడిగి మళ్లీ వాడాలనిపిస్తుంది నాకు.

1954 మార్చి 27న చెల్లాచెదురైన గొర్రెలను మళ్లించడానికి పైకి వెళ్లిన మనుషులకు టాగ్ శరీరం కనపడింది. దాని పక్కనే టిప్, ఎముకల గూడులా, కొన ఊపిరితో. డిసెంబరులో ఎనిమిది గంటలు కూడా లేని పగలు అప్పటికి పన్నెండు దాటింది. టిప్‌ని కొండ దింపారు. ఈసారి అది తన కాళ్ల మీద రాలేదు.

వార్త దేశమంతా పాకింది. ఇప్పుడు డాగ్స్ ట్రస్ట్ అని పిలిచే సంస్థ అప్పట్లో నేషనల్ కెనైన్ డిఫెన్స్ లీగ్. అది టిప్‌కి పతకం ఇచ్చింది. టిప్ తన ఆఖరి ఏడాది ఇంటి వెచ్చదనంలో గడిపి 1955లో పోయింది. అదే ఏడాది ఈ రాయి వెలిసింది.

ఇంగ్లండులో ఇలాంటి కథ అంతకుముందు ఒకటుంది. 1805 వసంతంలో చార్లెస్ గఫ్ అనే యువకుడు ఫాక్సీ అనే కుక్కతో లేక్ డిస్ట్రిక్ట్‌లోని హెల్వెలిన్ ఎక్కాడు. మూడు నెలల తర్వాత కింద రెడ్ టార్న్ చెరువు దగ్గర ఒక కాపరికి అతని అస్థికలు కనపడ్డాయి. ఫాక్సీ బతికే ఉంది. కుక్క యజమానినే తిని బతికిందని పత్రికలో రాసిన వాళ్లున్నారు. వాల్టర్ స్కాట్, వర్డ్స్‌వర్త్ ఇద్దరూ దాని విశ్వాసం మీద కవితలు రాశారు. టిప్ కోసం చందా వేసినవాళ్ల పేర్లు ఆ రాతి మీద లేవు. నాకు ఆ కవితల కన్నా ఈ చందాలే దగ్గరనిపిస్తాయి.

రాయి దగ్గర్నుంచి కదిలి ఒడ్డు వెంట కింగ్స్ ట్రీ దాకా నడిచాం. 1945లో లేడీబోవర్‌ని ప్రారంభించడానికి వచ్చిన ఆరో జార్జి రాజు నాటిన చెట్టు అది. అక్కడితో రోడ్డు ఆగిపోతుంది. ఇంకా పైకి వెళ్తే స్లిపరీ స్టోన్స్ వంతెన. మునిగిపోయే డెర్వెంట్ ఊళ్లోంచి ఆ పాత రాతి వంతెనను రాయి రాయికీ నంబరు వేసి విప్పారు. 1959లో ఇక్కడ మళ్లీ కట్టారు. టాగ్, టిప్ ఆఖరిసారి నడిచిన నాటికి ఆ రాళ్లు ఇంకా పేర్చలేదు. శ్రీశైలం నీళ్లలో మునగకుండా తరలించిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ఆలంపురంలో చూసినప్పుడు వచ్చిన దిగులే వంతెన మీద నిలబడితే వచ్చింది.

వంతెన దగ్గర గొర్రెలున్నాయి. మావాడు కాటుకకి లీష్ తగిలించాడు. మూర్ల మీద మార్చి 1 నుంచి జులై 31 దాకా కుక్కను రెండు మీటర్లకు మించని తాడుతోనే నడిపించాలని చట్టం. నేల మీద గూడు కట్టుకునే పక్షుల కోసం ఆ నియమం. గొర్రెలు దగ్గర్లో ఉంటే ఏడాది పొడుగునా అంతే. "గొర్రెల మీదికి పోయిన కుక్కని రైతు కాల్చినా తప్పు కాని సందర్భాలున్నాయత్తా" అన్నాడు. లీష్ పట్టుకున్నందుకు కాటుక అలగలేదు. గొర్రెలు దాటి తూర్పు ఒడ్డు అడవిలోకి వచ్చాక విప్పేశాడు.

చుట్టు మొత్తం పదహారు కిలోమీటర్లు. మనకి. కుక్కకి ఎన్నో చెప్పలేం. మావాడి అడుగు పెద్దది, నాది చిన్నది. వాడు ముందు, నేను వెనక. నడుమ దూరం యాభై అడుగులు, వంద అడుగులు అవుతోంది. కాటుక వాడి దాకా ఉరికి, తల తిప్పి, నన్ను చూసి, వెనక్కి ఉరికొచ్చి, నా మోకాలికి ముక్కు తగిలించి మళ్లీ ముందుకి. ఎవరూ నేర్పలేదు దానికి. మేమిద్దరం విడిపోకూడదు, అంతే. ఆ మంద రెండు ప్రాణులదే అయినా మందే.

హౌడెన్ ఆనకట్ట దాటేసరికి చీకటి పడింది. మావాడు దాని మెడకి ఎర్ర దీపం ఉన్న పట్టీ వేశాడు. చెట్ల మధ్య ఆ ఎరుపు ఒక చుక్కలా కదులుతోంది. నా ఎడమ బూటు లేసు ఊడింది. దారి పక్క మొద్దు మీద కూర్చుని కట్టుకోబోయాను. చలికి వేళ్లు కొంకర్లు పోయి ముడి పడటం లేదు. తలెత్తి చూస్తే దారి మలుపులో ఎరుపు లేదు. మావాడి టార్చి లేదు. చెరువు మీద గాలి, పైన ఎక్కడో ఒక గుడ్లగూబ.

ఎడమ పక్కన అడవి, అడవి పైన ఆ మూర్.

ముడి వేశాను. రెండోసారి తలెత్తేసరికి మలుపులో ఎర్ర చుక్క, నా వైపే వస్తోంది. పది అడుగుల దూరంలో ఆగింది. కాటుక దారి మధ్యలో బొర్లా పడుకుని, ముందరి కాళ్ల మీద గడ్డం ఆనించి, నా ముఖం చూస్తోంది.

"వస్తున్నానమ్మా" అని లేచాను.