ముక్తేశ్వర్ కొండపై రెండు వైరస్‌లు: పారామిక్సోవిరిడే కుటుంబం రూపుదిద్దుకున్న తీరు

పందొమ్మిదో శతాబ్దపు భారతదేశంలో కరువు తరువాత రైతును అంతగా కుంగదీసింది పశువుల పెద్దరోగమే. తెలుగు పల్లెల్లో ముసర అనీ, ఐరోపా వైద్యుల భాషలో రిండర్‌పెస్ట్ అనీ పేరు పొందిన ఆ వ్యాధి జ్వరంతో మొదలై, నోటి పుళ్లుగా, ఆగని పారుడుగా ముదిరి, అదివరకు దాని తాకిడి ఎరుగని మందల్లో పదింట ఎనిమిది తొమ్మిది పశువులను రోజుల వ్యవధిలో నేలకూల్చేది. 1880ల చివర ఆఫ్రికా ఈశాన్య తీరంలో అడుగుపెట్టిన ఈ వ్యాధి పదేళ్లలో ఆ ఖండం దక్షిణ కొన దాకా పాకి, పశువులే ఆస్తిగా బతికిన జాతులను ఆకలికి అప్పగించింది. భారతదేశంలోని పశువ్యాధులపై నియమితమైన సంఘం 1871లో సమర్పించిన నివేదిక ఇక్కడి నష్టాన్ని ప్రభుత్వం ముందుంచగా, 1889లో పుణెలో ఇంపీరియల్ బాక్టీరియలాజికల్ లేబొరేటరీ ఏర్పడింది. ఇంత తీవ్రంగా అంటుకునే వ్యాధులతో జనావాసాల నడుమ ప్రయోగాలు చేయడం ప్రమాదకరమని గుర్తించి, 1893లో దానిని కుమావూ కొండల్లో, సుమారు 7,500 అడుగుల ఎత్తున ఉన్న ముక్తేశ్వర్‌కు తరలించారు.

ప్రయోగశాల పేరులోని బాక్టీరియా అన్న మాటే ఆ కాలపు నమ్మకాన్ని చెబుతుంది. అంటువ్యాధి ఉన్నచోట సూక్ష్మదర్శినికి చిక్కే క్రిమి ఒకటి ఉండి తీరాలన్నది ఆనాటి శాస్త్రం. 1897లో ముక్తేశ్వర్‌ను సందర్శించిన రాబర్ట్ కోక్ ఆ శాస్త్రానికే ఆద్యుడు. అయితే 1902లో ఇస్తాంబుల్‌లో మోరిస్ నికోల్, ఆదిల్ బే అనే పరిశోధకులు ముసర కారకం బాక్టీరియాను ఆపగల సన్నని వడపోతను సైతం దాటిపోతుందని నిరూపించారు. అలా వడపోతను దాటే కారకాలన్నిటినీ వైరస్‌లనే ఒకే మాట కింద చేర్చడమే వాటి మొట్టమొదటి వర్గీకరణ. అవి ఏమి కావో చెప్పడమే తప్ప ఏమిటో చెప్పే సాధనం అప్పటికి లేదు.

ముక్తేశ్వర్‌లో 1920లలో జరిగిన పని ఈ చరిత్రలో ప్రత్యేకంగా నిలిచిపోదగినది. సంస్థ సంచాలకుడైన జె.టి. ఎడ్వర్డ్స్ ముసర వైరస్‌ను మేక నుంచి మేకకు పదేపదే ఎక్కించగా, అది మైదానప్రాంతపు పశువులను చంపే శక్తి కోల్పోయి, రక్షణనిచ్చే శక్తిని మాత్రం నిలుపుకుంది. దేశమంతటా దశాబ్దాలపాటు వాడిన మేక టీకాకు అదే మూలం. అదే ఎడ్వర్డ్స్ 1928లో, ముక్తేశ్వర్‌కు ఎంతో దూరం కాని రాణీఖేత్‌లో కోళ్లను తుడిచిపెట్టిన ఒక కొత్త వ్యాధిని వర్ణించాడు. తెలుగువారు కొక్కెర తెగులు అనే ఆ వ్యాధి 1926లోనే జావాలోనూ ఇంగ్లండులోని న్యూకాజిల్‌లోనూ కనిపించినా, ఈ దేశంలో దానికి రాణీఖేత్ పేరే స్థిరపడింది. పశువును చంపే వైరస్, కోడిని చంపే వైరస్ ఒకే కొండమీద, ఒకే శాస్త్రజ్ఞుని చేతిమీదుగా నడిచాయి. అవి రెండూ దగ్గరి చుట్టాలని ఊహించడానికి కూడా ఆధారమేదీ అప్పటికి లేదు.

ఆధారాలు రెండు వేర్వేరు దారుల్లో వచ్చాయి. మొదటిది రక్తపరీక్ష. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ ఎర్రరక్తకణాలను ముద్దలుగా చేరుస్తుందని 1941లో తెలిసిన తరువాత, అదే గుణం రాణీఖేత్ వైరస్‌లోనూ గవదబిళ్లల వైరస్‌లోనూ కనిపించడంతో 1955లో ఈ మూడింటినీ మిక్సోవైరస్ అనే ఒకే గుంపుగా ప్రతిపాదించారు. ముసరకు ఆ గుంపులో చోటు దొరకలేదు. దాని బంధుత్వం రెండో దారిలో, జంతువుల శరీరంలోనే బయటపడింది: ముసర వైరస్ ఎక్కించిన కుక్క తన జాతికి వచ్చే డిస్టెంపర్ జబ్బును తట్టుకోవడం, డిస్టెంపర్‌కూ పిల్లలకు వచ్చే తట్టుకూ మధ్య రోగనిరోధకత పంచుకోవడం 1950లలో గమనించారు. అణువులను చదవగలిగే కాలానికి ఎంతో ముందే పశువైద్యులు ఈ పోలికను పట్టుకున్నారు. వారికి దక్కవలసిన గుర్తింపు వర్గీకరణ గ్రంథాల్లో తగినంతగా దక్కలేదు.

ఈ రెండు పాయలనూ కలిపినది ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని. 1960 ప్రాంతంలో తీసిన చిత్రాల్లో రాణీఖేత్, గవదబిళ్లల వైరస్‌ల లోపలి సర్పిలం, అంటే ప్రొటీన్ చుట్టుకున్న ఆర్‌ఎన్‌ఏ పోగు, సుమారు 18 నానోమీటర్ల మందాన ఉండగా ఇన్‌ఫ్లుయెంజాలో అది అందులో సగమే ఉంది. ఇన్‌ఫ్లుయెంజా జన్యుపదార్థం ముక్కలుముక్కలుగా ఉంటుందనీ, వీటిది ఒకే పోగు అనీ తేలడంతో పాత గుంపు చీలిపోయి, 1970లలో పారామిక్సోవిరిడే కుటుంబం వెలిసింది. తట్టు, ముసర, డిస్టెంపర్‌లు మార్బిల్లివైరస్ ప్రజాతిగా ఇందులోనే చేరాయి.

ఈ కుటుంబపు ఆర్‌ఎన్‌ఏ రుణధ్రువానిది. అంటే ప్రొటీన్ తయారీకి కణం నేరుగా చదవలేని ఎదురు ప్రతి. అందువల్ల ప్రతి వైరస్ కణమూ దానిని తిరగరాసే ఎంజైమును తనతోపాటే మోసుకురావాలి. ముసర జన్యుపదార్థం పొడవు 15,882 అక్షరాలు. 1998–99లో మలేషియాలో పందుల పెంపకందారులను బలిగొన్న నీపా వైరస్‌ది 18 వేలు దాటుతుంది. కొవ్వు పొరపై నిలిచిన రెండు ప్రొటీన్లలో ఒకటి కణానికి అతుక్కుంటుంది, రెండోది పొరలను కలిపివేస్తుంది. కోళ్లలో రాణీఖేత్ తీవ్రత చాలామటుకు ఈ రెండో ప్రొటీన్‌ను కోసే చోటుపైనే ఆధారపడుతుంది: దేహమంతటా ఉండే ఎంజైములకు ఆ చోటు లొంగితే వైరస్ దేహమంతా పాకుతుంది, లేకుంటే శ్వాసనాళం, పేగుల వరకే పరిమితమవుతుంది. ఇక మార్బిల్లివైరస్‌లు రోగనిరోధక కణాలనే ముందుగా పట్టుకుంటాయి. ముసర సోకిన పశువు మరి ఏ చిన్న జబ్బునూ తట్టుకోలేకపోవడానికి కారణం అదే.

వర్గీకరణ ఆ తరువాత కూడా నిలకడగా లేదు. 2016లో శ్వాసకోశపు న్యూమోవైరస్‌లు వేరే కుటుంబంగా విడిపోయాయి. ఇటీవల జాతులకు రెండు పదాల లాటిన్ పేర్లు పెట్టినప్పుడు రాణీఖేత్ వైరస్ ఆర్థోఅవులావైరస్ జావాయెన్సే అయి జావాను గుర్తు చేసుకోగా, ముసర మార్బిల్లివైరస్ పెకోరిస్ అయింది. కెన్యాలోని ముగుగాలో వాల్టర్ ప్లోరైట్ దూడ మూత్రపిండ కణాలలో పెంచిన టీకా వల్ల ముసర భారతదేశంలో 1995తోనూ, లోకంలో 2001తోనూ ఆగిపోయి, 2011లో నిర్మూలన ప్రకటన వెలువడింది. లాటిన్ పేరు వచ్చేనాటికి ఆ జాతి ప్రయోగశాలల సీసాలలో తప్ప మరెక్కడా లేదు.

ముసర తొలగుతున్న కాలంలోనే మరో తప్పు సరిదిద్దుకోవలసి వచ్చింది. 1942లో పశ్చిమాఫ్రికాలో వర్ణించిన గొర్రెలు, మేకల పారుడు వ్యాధిని, అంటే పీపీఆర్‌ను, చాలాకాలం ముసరకే మరో రూపమని భావించి, 1979లో గానీ వేరే వైరస్‌గా అంగీకరించలేదు. భారతదేశంలో అది 1987లో తమిళనాడులోని అరసూరులో బయటపడింది. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటి రెండు స్థానాల్లో నిలిచాయి గనుక ఈ తేడా ఇక్కడి కాపరులకు పుస్తకాల విషయం కాదు. పశువుల టీకాలు ముసరను ఆపినా, ఆ టీకా అందని జీవాల మందల్లో పారుడు మాత్రం ప్రబలుతూ వచ్చింది. 1996లో హిమాచల్‌లోని సుంగ్రిలో మేక నుంచి సేకరించిన వైరస్‌తో ముక్తేశ్వర్‌లోనే రూపొందిన టీకా ఇప్పుడు దేశమంతటా వాడుకలో ఉండగా, 2030 నాటికి పీపీఆర్‌ను లోకం నుంచి తొలగించాలన్న లక్ష్యాన్ని అంతర్జాతీయ సంస్థలు 2015లో ప్రకటించాయి.