డాల్ఫిన్ల వంశవృక్షం: జన్యు ఆధారాల చరిత్ర

డాల్ఫిన్లలో ఏ జాతికి ఏది దగ్గరి చుట్టమో, అవి ఏ క్రమంలో విడిపోయాయో డీఎన్ఏను పోల్చి తేల్చే పద్ధతి 1990ల నుంచి ప్రాధాన్యం సంతరించుకుంది. అంతకుముందు వర్గీకరణకు పుర్రె, పళ్లు, ఒంటి రంగు, శిలాజాలే ఆధారం. అయితే ఒకే తరహా నీటిలో బతికే ప్రాణులకు ఒకే తరహా రూపం వేర్వేరుగానూ ఏర్పడుతుంది. పోలిక ఉన్నంత మాత్రాన చుట్టరికం ఉన్నట్టు కాదు.

తొలి పరిశీలనలు మైటోకాండ్రియా డీఎన్ఏ మీద సాగాయి. ఇది తల్లి నుంచి మాత్రమే సంక్రమిస్తుంది, త్వరగా మారుతుంది. 1993లో మిలింకోవిచ్ బృందం ఇలాంటి కొద్దిపాటి డీఎన్ఏ ఆధారంగా, డాల్ఫిన్లలాగే పళ్లున్న స్పెర్మ్ తిమింగలం పళ్లులేని తిమింగలాలకే దగ్గరని ప్రకటించింది. 1999లో లెడక్, పెరిన్, డైజన్ సముద్ర డాల్ఫిన్లలో సైటోక్రోమ్ బి అనే మైటోకాండ్రియా జన్యువును పూర్తిగా పోల్చారు. స్టెనెల్లా, లాజెనోరింకస్ ప్రజాతుల్లో చేర్చిన జాతులన్నీ ఒకే మూలానివి కావని అందులో తేలింది.

గంగ, యాంగ్జీ, అమెజాన్ నదుల డాల్ఫిన్లకూ, దక్షిణ అమెరికా తీరంలోని ఫ్రాన్సిస్కానాకూ పొడవాటి ముట్టె, చిన్న కళ్లు ఉండటంతో వాటిని ఒకే వర్గంగా భావించేవారు. 2000, 2001 సంవత్సరాల్లో వెలువడిన పరిశోధనలు ఈ భావనను తోసిపుచ్చాయి. అమెజాన్ డాల్ఫిన్, ఫ్రాన్సిస్కానా పరస్పరం దగ్గరివి. గంగా డాల్ఫిన్ మాత్రం చాలా ముందే విడిపోయిన ప్రాచీన శాఖ. జపాన్‌కు చెందిన నికైడో, ఒకాడా బృందం 2001లో జన్యుపదార్థంలో తమంత తామే నకళ్లు చేసుకుని కొత్త చోట చేరే డీఎన్ఏ ముక్కలను పరిశీలించింది. అలాంటి ముక్క రెండు జాతుల్లో సరిగ్గా ఒకే స్థానంలో విడివిడిగా చేరడం దాదాపు అసాధ్యం కనుక, అది ఉమ్మడి పూర్వీకుడికి బలమైన గుర్తు. 1993 నాటి వాదనకు భిన్నంగా, స్పెర్మ్ తిమింగలం పళ్లున్న వర్గంలోనిదేనని ఈ ఆధారం నిరూపించింది.

ఐరావతి డాల్ఫిన్ విషయంలోనూ అభిప్రాయాలు మారాయి. 1852లో విశాఖపట్నం రేవులో దొరికిన నమూనాను బట్టి రిచర్డ్ ఓవెన్ 1866లో దీన్ని వర్ణించాడు. ముట్టె లేని గుండ్రటి తలను చూసి కొందరు దీన్ని ఆర్కిటిక్ సముద్రపు బెలూగా సరసన చేర్చారు. సైటోక్రోమ్ బి జన్యువు మాత్రం ఇది ఓర్కాకు (కిల్లర్ వేల్‌కు) దగ్గరని సూచించింది. 3,000కు పైగా జన్యువులను పోల్చిన మెక్‌గోవెన్ బృందం 2020లో దీన్ని పైలట్ తిమింగలాల శాఖలో ఉంచింది. ఓర్కాది వేరే కొమ్మ.

జన్యువులన్నీ ఒకే కథ చెప్పవు. అట్లాంటిక్‌లోని క్లైమీన్ డాల్ఫిన్ మైటోకాండ్రియా డీఎన్ఏ చారల డాల్ఫిన్‌కూ, కేంద్రక డీఎన్ఏ స్పిన్నర్ డాల్ఫిన్‌కూ దగ్గరగా ఉన్నాయి. ఆ రెండింటి సంకరం వల్ల ఇది ఏర్పడిందని 2014లో అమరల్ బృందం వివరించింది. అందుకే నేటి వర్గీకరణ అనేక జన్యువులను శరీర నిర్మాణంతో కలిపి చూస్తుంది. గంగా, సింధు డాల్ఫిన్లను రెండు జాతులుగా 2021లో వేరు చేసింది ఈ ఉమ్మడి ఆధారాలతోనే. దీంతో సింధు నది డాల్ఫిన్ సంరక్షణను ఒక ప్రత్యేక జాతి మనుగడగా పరిగణించవలసి వచ్చింది.