బందరు చదువులు, గోదావరి పిల్లలు

పని పడితే పొద్దున్నే భీమవరం కలెక్టరేటుకు వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చే ఇవాళ్టి తణుకు మనిషికి చెబితే నమ్మడు గానీ, 1904 నుంచి 1925 వరకు తణుకు గోదావరి జిల్లాలోనే లేదు. ఏలూరు, యర్నగూడెం, భీమవరం, నరసాపురం ప్రాంతాలతో పాటు తణుకు తాలూకాను కూడా 1904లో గోదావరి జిల్లా నుంచి తీసి కృష్ణా జిల్లాలో కలిపారు. కలెక్టరు బందరులో ఉండేవాడు. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా పుట్టి ఏలూరు కేంద్రమయ్యేదాకా ఇదే వరస. నన్నయ మావాడేనని చెప్పుకునే ఊరు ఇరవై ఏళ్ళు కృష్ణా జిల్లా ఊరయిందన్న సంగతి స్థలపురాణాలు చెప్పేవాళ్ళు సాధారణంగా ఎత్తరు.

చదువుల దారి మాత్రం అంతకు ముందే బందరు వైపు తిరిగింది. పై చదువు చదవాలనుకున్న డెల్టా కుర్రవాడు గోదావరి దాటితే రాజమండ్రి, కాకినాడ కాలేజీలు ఉండేవి. ఇటు తిరిగితే బందరు నోబుల్ కాలేజీ. 1893లో బెజవాడ నుంచి కొవ్వూరు దాకా రైలు పడింది గనక నిడదవోలులో ఎక్కితే బెజవాడలో దిగొచ్చు. అక్కడి నుంచి బందరుకు రైలు 1908లో గానీ రాలేదు. అంతవరకు బందరు కాలవలో పడవ ప్రయాణమే. బియ్యం మూట, చాపచుట్ట, ఇత్తడి చెంబు సర్దుకుని పోయేవాళ్ళు.

డెల్టా రైతులకు చదువు మీద అప్పటికే మక్కువ ఉంది. 1850లలో ఇక్కడ సబ్‌కలెక్టరుగా పనిచేసిన జి. ఎన్. టేలర్ నరసాపురంలో బడి పెట్టి, పాలకొల్లు, ఆచంట, పెనుగొండల్లో కూడా బడులు తెరిపించాడు. ఊళ్ళలో బడులకు శిస్తుతో పాటు కొంత సొమ్ము అదనంగా కడతామని రైతులే ఒప్పుకున్నారు. పన్ను మీద పన్ను కట్టడానికి రైతు తనంత తాను ముందుకు రావడం వింతే. ఆ వసూలుకు చట్టబద్ధత కల్పించడానికే మద్రాసు ప్రభుత్వం 1863లో విద్యా చట్టం చేసింది. నరసాపురంలో టేలర్ హైస్కూలు పేరు ఇప్పటికీ అలాగే ఉంది. అయితే అవన్నీ బడులు. కాలేజీ అంటే పొలిమేర దాటాల్సిందే.

బందరు కాలేజీ వెనక ఉన్న మనిషి రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్. కేంబ్రిడ్జిలో చదివినవాడు. చర్చి మిషనరీ సొసైటీ తరఫున 1841లో హెన్రీ వాట్సన్ ఫాక్స్‌తో కలిసి బందరులో దిగాడు. తెలుగు నేర్చుకున్నారు. ఫాక్స్ ఊళ్ళమ్మట తిరిగి బోధించే పని తీసుకున్నాడు, నోబుల్ 1843 నవంబరులో ఇంగ్లీషు బడి తెరిచాడు. పెళ్ళి చేసుకోలేదు. తిరిగి ఇంగ్లండు ముఖం చూడలేదు. ఇరవై నాలుగేళ్ళు ఆ ఊళ్ళోనే ఉండి, ఆ ఊళ్ళోనే పోయాడు.

బడికి అతను పెట్టుకున్న నియమాల్లో ఒకటి ఇప్పుడు చదివితే గొంతులో ముల్లులా గుచ్చుకుంటుంది. పై కులాల హిందువుల పిల్లలకూ ముస్లింల పిల్లలకూ మాత్రమే మొదట్లో ప్రవేశం. మాల మాదిగ పిల్లలకు లేదు. పై కులాలవాళ్ళు క్రైస్తవులైతే మిగతావాళ్ళు వాళ్ళ వెంట వస్తారని నోబుల్ లెక్క. ఆ లెక్క తప్పింది. 1859లో రాఘవాపురంలో పాగోలు వెంకయ్య అనే మాల పెద్ద, మిషనరీ టి. వై. డార్లింగ్ దగ్గర బాప్తిస్మం తీసుకున్నాడు. కృష్ణా ప్రాంతంలో క్రైస్తవం గుంపులు గుంపులుగా పల్లెల్లోకి వెళ్ళింది ఆ దారినే గానీ బందరు బడి దారిన కాదు. నోబుల్‌ను పొగిడే వ్యాసాల్లో ఈ ముక్క దాటేస్తారు. దాటేయకూడదు. ఎవరిని రానివ్వలేదో చెప్పకుండా ఒక విద్యాసంస్థ చరిత్ర రాయడం కుదరదు.

ఇంత జాగ్రత్తగా పై కులాల మన్నన కాపాడుకున్న బడికి మొదటి దెబ్బ తగిలింది కూడా అక్కడే. బైబిలు పాఠం పిల్లలందరికీ తప్పనిసరి. తల్లిదండ్రులు దాన్ని ఇంగ్లీషు చదువుకు కట్టే రుసుముగా భావించి ఊరుకున్నారు. 1852లో మంచాల రత్నం అనే బ్రాహ్మణ విద్యార్థి, ఐనాల భూషణం అనే వెలమ విద్యార్థి బాప్తిస్మం తీసుకున్నారు. బందరు అట్టుడికిపోయింది. తెల్లారేసరికి పిల్లల్ని మాన్పించారు. బల్లలు ఖాళీ. తొమ్మిదేళ్ళు కూడబెట్టిన నమ్మకం ఒక్క వారంలో ఎగిరిపోయింది.

చేతిలో డబ్బున్నా, చుట్టూ గోడలున్నా పిల్లలు లేని బడిని బడి అనరు. నోబుల్ ముందు రెండు దార్లున్నాయి. బైబిలు పాఠం ఎత్తేసి పిల్లల్ని వెనక్కి రప్పించుకోవచ్చు, లేదా బడి మూసి ఫాక్స్‌లా పల్లెలు పట్టుకోవచ్చు. రెండూ చేయలేదు. తలుపులు తీసి ఉంచాడు, మిగిలిన కొద్దిమందికే పాఠం చెప్పాడు. క్రమంగా పిల్లలు తిరిగొచ్చారు. వాళ్ళను రప్పించింది నోబుల్ పట్టుదల అనుకుంటే పొరపాటు. అప్పటికి కంపెనీ కొలువుల్లో ఇంగ్లీషు వచ్చినవాడికి పలుకుబడి పెరిగింది, అలాంటి చదువు ఆ చుట్టుపక్కల మరో చోట లేదు. తండ్రులు కోపాన్ని మింగి కొడుకుల్ని పంపారు. నమ్మకం కంటే ముందు అవసరం తిరిగొచ్చింది.

నోబుల్ తెలివంతా ఆ ఇద్దరు కుర్రాళ్ళ విషయంలో కనిపిస్తుంది. కుటుంబాలు వెలివేసిన రత్నాన్నీ భూషణాన్నీ దగ్గర పెట్టుకుని చదివించి, బడి పనిలోకీ మిషన్ పనిలోకీ దింపాడు. పన్నెండేళ్ళ తర్వాత, 1864లో, ఇద్దరూ గురువులుగా అభిషేకం పొందారు.

అది బందరుకు పీడకల లాంటి ఏడాది.

1864 అక్టోబరు 5న కలకత్తాను తుపాను ముంచింది. నెల తిరక్కుండానే, నవంబరు 1 రాత్రి, మరో తుపాను బందరు మీద పడింది. గాలి ఒక ఎత్తు, దాని వెనక వచ్చిన ఉప్పెన ఇంకో ఎత్తు. సముద్రం మామూలు పోటు కంటే పదమూడడుగులు పైకి లేచిందంటారు. నీరు కొన్నిచోట్ల పదిహేడు మైళ్ళు లోపలికి పాకింది. బందరులోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ సుమారు 30,000 మంది పోయారు. చీకట్లో పారిపోవడానికి మెరక ఎక్కడుందో తెలిసినవాళ్ళు తక్కువ. షార్కీ దంపతులు నడిపే మిషన్ బాలికల వసతి బడిలో ఎందరో ఆడపిల్లలు నీళ్ళలో కొట్టుకుపోయారు. నీరు తీసిన తర్వాత బావుల్లో, చెరువుల్లో ఉప్పు మిగిలింది. బతికినవాళ్ళకు అన్నం కంటే ముందు మంచినీళ్ళు కరువు.

1977లో దివిసీమ ఉప్పెన చూసిన తరానికి ఈ వర్ణన కొత్తగా అనిపించదు. నవంబరు నెల వస్తే తీరం వెంట ఉన్న ఊళ్ళు ఇప్పటికీ ఆకాశం వంక చూస్తాయి.

అప్పటికే నోబుల్ ఆరోగ్యం చితికింది. ఉప్పెన తర్వాత ఏడాది తిరగకుండానే, 1865 అక్టోబరు 17న కన్ను మూశాడు. ఊరు శిథిలం, వ్యవస్థాపకుడు లేడు, ఇంగ్లండు నుంచి కొత్త మనిషి రావాలంటే నెలల ఓడ ప్రయాణం. ఏ సంస్థయినా మూతపడటానికి ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదు. అయినా బడి ఆగలేదు. బడిలోనే చదివి, బడిలోనే పాఠం చెప్పడం నేర్చిన మనుషులు అక్కడున్నారు. ముందుచూపు అన్న మాటకు ఆ ఏడాది బందరులో అర్థం అదే. సముద్రం ఎప్పుడు పొంగుతుందో నోబుల్‌కు తెలియదు. తను పోయాక పాఠం ఎవరు చెప్పాలో మాత్రం ముందే చూసుకున్నాడు. తర్వాత ఆ బడి మద్రాసు విశ్వవిద్యాలయం కింద కాలేజీ అయింది, ఆయన పేరే నిలిచింది.

పంతొమ్మిదో శతాబ్దం చివరికి నోబుల్ కాలేజీ తరగతులు చూస్తే మొదటి మిషనరీలు గుర్తుపట్టలేరు. అక్కడ పాఠం చెప్పిన రఘుపతి వెంకటరత్నం నాయుడు బ్రహ్మసమాజి. ఆయన ముందు కూర్చున్న కుర్రాళ్ళలో ముట్నూరి కృష్ణారావు, గుండుగొలను నుంచి వచ్చిన భోగరాజు పట్టాభి సీతారామయ్య ఉన్నారు. కోపల్లె హనుమంతరావుతో కలిసి వీళ్ళే 1910లో అదే బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల నిలబెట్టారు. మిషన్ కాలేజీలో ఇంగ్లీషు నేర్చుకుని, ఆ చదువు మనకొద్దు, మన చదువు మనం పెట్టుకుందామన్నారు. కాలేజీకి ఇది ఉప్పెన కంటే పెద్ద పరీక్ష అనాలి. 1852లో పిల్లల్ని లాక్కుపోయింది తల్లిదండ్రులు, 1910 నాటికి పోటీ పెట్టింది సొంత విద్యార్థులు. పట్టాభి 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టింది కూడా బందరులోనే. గోదావరి వైపు నుంచి కాలవలో పడవెక్కి వెళ్ళిన చదువు ఎక్కడెక్కడ తేలిందో చూస్తే ముచ్చటేస్తుంది.

తణుకుకు దగ్గరి కథ రాజమండ్రిది. అక్కడ లూథరన్ మిషన్ మొదలుపెట్టింది జర్మన్లు, 1845 ప్రాంతంలో. 1848 విప్లవాలతో జర్మనీలో చందాలు ఎండిపోయి, రెండు మూడేళ్ళకే ఆ మిషన్‌ను గుంటూరులో ఉన్న అమెరికన్ లూథరన్లకు అప్పగించారు. తర్వాత అమెరికాలో అంతర్యుద్ధం వచ్చింది. మనుషులూ డబ్బూ రెండూ తగ్గి, 1869 నాటికి రాజమండ్రిని చర్చి మిషనరీ సొసైటీకి ఇచ్చేయడానికి మాటలు నడిచాయి. గుంటూరు మిషన్‌ను 1842లో ప్రారంభించిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్‌కు అప్పటికి డెబ్బై ఆరేళ్ళు. పెన్సిల్వేనియాలో జరిగిన సభలో లేచి, రాజమండ్రిని ఎవరికీ ఇవ్వొద్దు, నేనే వెళ్తానన్నాడు. ఆ ఏడాది డిసెంబరుకల్లా రాజమండ్రిలో ఉన్నాడు. కొత్తవాళ్ళు వచ్చి పని అందుకునేదాకా ఉండి 1871లో వెళ్ళిపోయాడు. ఆ వయసులో మనవాళ్ళు కాశీ ప్రయాణానికే వెనకాడతారు.

ఆ పట్టుదల వల్ల మిగిలిన మిషన్ నుంచే లూథర్‌గిరి వేదాంత కళాశాల వచ్చింది. 1964 నాటికి సమస్య వేరు. లూథరన్లకొకటి, బాప్టిస్టులకొకటి, దక్షిణ ఇండియా సంఘానికి ఇంకొకటి, ఇలా ఎవరి వేదాంత పాఠశాల వాళ్ళది. విదేశాల నుంచి వచ్చే సొమ్ము ఎల్లకాలం రాదని అందరికీ తెలుసు. విడివిడిగా నీరసించే కంటే కలిసి ఉండటం మేలని ఆ ఏడాది లూథర్‌గిరిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలగా ఏకమయ్యారు. ఒకరి ఆరాధన పద్ధతి ఒకరికి గిట్టని సంఘాలు ఒకే వంటశాలలో భోజనానికి కూర్చున్నాయి. డిగ్రీలు సెరంపూర్ విశ్వవిద్యాలయానివి. విలియం కేరీ, అతని మిత్రులు 1818లో పెట్టిన సెరంపూర్ కాలేజీకి డెన్మార్క్ రాజు 1827లోనే డిగ్రీలిచ్చే అధికారం రాసిచ్చాడు. అప్పటికి మద్రాసు, కలకత్తా, బొంబాయి విశ్వవిద్యాలయాలు పుట్టడానికి ఇంకా ముప్పై ఏళ్ళుంది. 1970ల మొదట్లో కళాశాల రాజమండ్రి వదిలి హైదరాబాదు వెళ్ళిపోయింది. రాష్ట్రం అంతటికీ అందుబాటులో ఉండాలన్న వాదనలో న్యాయం ఉంది. గోదావరి గట్టున ఉన్నవాళ్ళకు మాత్రం చేతిలో పండు జారినట్టే అయింది.

ఇక ఈ కాలేజీలన్నిటికీ మన కళ్ళముందు వచ్చిన పరీక్ష కరోనా ఏడాది. 2020 మార్చిలో తలుపులు మూసిన కాలేజీలు మళ్ళీ తెరుచుకున్నది నవంబరు 2 నుంచి, అదీ విడతలవారీగా. మధ్యలో చివరి సంవత్సరం పరీక్షలు పెట్టాలా వద్దా అన్న గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పెట్టి తీరాలని ఆగస్టు 28న తీర్పొచ్చింది. డెల్టా ఊళ్ళలో ఆన్‌లైన్ క్లాసంటే సిగ్నల్ కోసం డాబా ఎక్కడం, ఇంట్లో ఉన్న ఒక్క ఫోను అక్కకూ తమ్ముడికీ పూటల లెక్కన పంచడం. నాన్న పొలానికి ఫోను పట్టుకెళ్ళిన రోజున ఇద్దరికీ సెలవే. మిషన్ కాలేజీ అయినా, సర్కారు కాలేజీ అయినా తేడా లేదు.

మహమ్మారి తగ్గుముఖం పట్టగానే, సిబ్బందికి సర్కారు జీతాలిచ్చే ఎయిడెడ్ సంస్థల మీద మరో పిడుగు పడింది. ఆస్తులతో సహా సంస్థను అప్పగించండి, లేదా ఎయిడెడ్ సిబ్బందిని ఇచ్చి ప్రైవేటుగా నడుపుకోండి అని 2021 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం అడిగింది. క్రైస్తవ యాజమాన్యాలకు ఇది రెండువైపులా పదునున్న కత్తి. వందేళ్ళ నాటి స్థలాలు, భవనాలు ఎలా ఇస్తారు? సిబ్బందిని ఇచ్చేస్తే పేదపిల్లల దగ్గర ఏ ఫీజు వసూలు చేస్తారు? విశాఖ, విజయవాడల్లో విద్యార్థులూ తల్లిదండ్రులూ రోడ్డెక్కారు. అనంతపురంలో లాఠీలు లేచాయి. నవంబరులో ప్రభుత్వం దిగొచ్చి, కావాలంటే ఎయిడెడ్‌గానే కొనసాగవచ్చన్న వెసులుబాటు చేర్చింది.

వెసులుబాటు దొరికినంత మాత్రాన అసలు సమస్య తీరలేదు. ఎయిడెడ్ పోస్టుల్లో నియామకాలు ఏళ్ళ తరబడి నిలిచిపోయాయి. ఒక లెక్చరరు పదవీ విరమణ చేస్తే ఆ కుర్చీ ఖాళీ, లేదా గంటల లెక్కన జీతం తీసుకునే గెస్టు లెక్చరరు. యాజమాన్యాలు వేసుకునే ప్రణాళికల్లో కొత్త కంప్యూటరు కోర్సులున్నాయి, నాక్ గ్రేడుంది, ఇంటర్న్‌షిప్పులున్నాయి. 2021-22 నుంచి డిగ్రీలో తెలుగు మాధ్యమం ఆగిపోయింది గనక ఇంగ్లీషులో పాఠం చెప్పగల మనుషుల అవసరం ఇంకా పెరిగింది. వాళ్ళను ఎక్కడ తయారుచేస్తారు, ఏ జీతం మీద నిలుపుకుంటారు అన్న పద్దు ఆ కాగితాల్లో ఇంకా పూర్తి కాలేదు.

తణుకు పిల్లలిప్పుడు బందరు పోనక్కర్లేదు. ఊళ్ళోనే కాలేజీలున్నాయి, డిగ్రీ మీద ముద్ర రాజమండ్రిలో 2006లో ఏర్పడిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయానిది. నోబుల్ కాలేజీ బందరులో కృష్ణా విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది.