లుసైల్ స్టేడియమూ, చావుల లెక్కా

2022 డిసెంబరు 18వ తేదీ రాత్రి ఆత్మకూరులో మా విద్యార్థుల గదిలో కూర్చుని ప్రపంచకప్పు ఫుట్‌బాల్ ఫైనలు చూశాను. అర్జెంటీనా, ఫ్రాన్సు చెరి మూడు గోల్స్ చేశాయి. పెనాల్టీలలో 4-2తో అర్జెంటీనా నెగ్గింది. గది దద్దరిల్లిపోయింది. ఉదయగిరి వైపునుంచి వచ్చి చదువుకుంటున్న కుర్రాడు ఒకడు మాత్రం గోల సద్దుమణిగేదాకా ఆగి నన్ను అడిగాడు: "సార్, మా నాయన ఆ దేశంలోనే రాడ్ బెండింగు పనిలో వుండాడు. స్టేడియాలు కట్టేటప్పుడు ముగ్గురే చచ్చిపోయినారంట. ఆరువేల ఐదువందలమంది అని గూడా అంటుండారు. ఏది నిజం?"

చరిత్ర పాఠాలు చెప్పేవాణ్ణయి వుండీ ఆ రాత్రి జవాబు చెప్పలేకపోయాను. యీ వ్యాసం ఆ జవాబు కోసం చేసిన ప్రయత్నం.

ఉదయగిరి కోటను 1514లో కృష్ణదేవరాయలు గజపతుల చేతుల్లోంచి పట్టుకున్నాడని మా పిల్లలందరికీ తెలుసు. ఆ గోడలకు రాయి మోసినవాళ్ల సంగతి అడిగితే ఆధారాలు లేవంటాం. లుసైల్ విషయంలో ఆ మాట చెల్లదు. వీసాలున్నాయి, జీతాల పట్టీలున్నాయి, మరణ ధృవపత్రాలున్నాయి. ఇక్కడ మనుషులు మరుగునపడుతున్నది ఆధారాలు లేక కాదు, లెక్కవేసే పద్ధతివల్ల.

ఖతార్‌కు పోటీల నిర్వహణ హక్కు 2010 డిసెంబరు 2న దక్కింది. ఎనిమిది స్టేడియాలు కావలసివచ్చాయి. ఒకటి పాతదాన్ని బాగుచేసింది, తక్కినవి కొత్తవి. అన్నిటికన్నా పెద్దదైన లుసైల్ పని 2017లో మొదలై, 2022 ఆగస్టు 11న అందులో తొలి ఆట జరిగింది. ఫైనలునాడు కూర్చున్నవారు 88,966 మంది. ఆ దేశ జనాభాలో పౌరులు ఇంచుమించు పదోవంతు. కట్టినవారు భారత, నేపాల్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక, ఆఫ్రికా దేశాల కూలీలు. వారిని కట్టివుంచిన పద్ధతి పేరు కఫాలా. యజమాని అనుమతి లేనిదే పని మారడానికి వీల్లేదు, దేశం విడిచిపోవడానికీ వీల్లేదు.

ఇందులో ఒక విశేషం గమనించాలి. ఎండకు ఆటగాళ్లు తట్టుకోలేరని ఫిఫా 2015లో పోటీలను వేసవినుంచి నవంబరు, డిసెంబరు నెలలకు మార్చింది. తొంభై నిమిషాల ఆటకు పనికిరాని ఎండ, అప్పటి చట్టం ప్రకారం కూలీకి పనికివచ్చింది. పదకొండున్నరనుంచి మూడు గంటలదాకా మాత్రమే, అదీ జూన్ 15నుంచి ఆగస్టు చివరిదాకా మాత్రమే, బయటి పని నిషేధం. ఆ గంటలను, నెలలను పెంచింది 2021లో. అప్పటికి స్టేడియాల పని చాలామట్టుకు ముగిసింది.

ఇక లెక్కలు. పోటీల నిర్వాహక సంఘం చెప్పిన సంఖ్య మూడు. స్టేడియం పనిలో, పని కారణంగా చనిపోయినవారు మాత్రమే అందులో చేరతారు. అవే స్టేడియాల కూలీలలో మరి 37 మంది చనిపోయారు. అవి "పనికి సంబంధించని" చావులు. 2022 నవంబరులో ఆ సంఘం నాయకుడే 400కూ 500కూ మధ్య అన్నాడు. అది 2014-2020 మధ్య దేశమంతటా అన్ని పనుల్లో జరిగిన ప్రమాద మరణాల సంఖ్య, 414, అని తర్వాత వివరణ వచ్చింది. 2021లో గార్డియన్ పత్రిక ప్రకటించిన ఆరువేల ఐదువందలు, పదేళ్లలో ఐదు దక్షిణాసియా దేశాలవారు ఖతార్‌లో చనిపోయిన మొత్తం. అందులో 2,711 మంది మనవాళ్లు.

ఇక్కడ మన పక్షం వారు చేస్తున్న తప్పు కూడా చెప్పుకోవాలి. ఆరువేల ఐదువందలమందీ స్టేడియాల మీదనుంచి పడి చచ్చినట్టు ఉపన్యాసాలు విన్నాను. అందులో డ్రైవర్లున్నారు, గుమాస్తాలున్నారు, ముసలితనంతో పోయినవారూ వుండవచ్చు. అబద్ధం మనకు అక్కర్లేదు. నిజమే చాలినంత భయంకరంగా వుంది. అది ఏమంటే, వయసులో వున్న కూలీ రాత్రి పడుకుని తెల్లవారేసరికి లేవకపోతే, కాగితంమీద "సహజ మరణం" అనో "గుండె ఆగిపోవడం" అనో రాసి పెట్టె పంపించారు. గుండె ఆగడం చావే గాని చావుకు కారణం కాదు. ఆకస్మిక మరణాలకు శవపరీక్ష జరిపించాలని ఖతార్ ప్రభుత్వం నియమించుకున్న న్యాయవాదులే 2014లో సలహా ఇచ్చారు. నేపాలీ కూలీల గుండెజబ్బు మరణాలకూ ఎండతీవ్రతకూ సంబంధం వుందని 2019లో వైద్య పరిశోధకులు చూపించారు. కారణం వెదకకపోతే అది పనికి సంబంధించని చావు. పనికి సంబంధించకపోతే నష్టపరిహారం లేదు. మూడు అనే సంఖ్య నిలబడింది యీ మెట్లమీదనే.

మార్పులేవీ రాలేదనడం కూడా సరికాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థలో 2014లో ఫిర్యాదు దాఖలైంది. ఆ ఒత్తిడి ఫలితంగానే 2018లో చాలామందికి, 2020లో ఇంట్లో పనిచేసేవారితో సహా తక్కినవారికీ నిష్క్రమణ అనుమతి రద్దయింది. 2020 చట్టంతో యజమాని అంగీకారం లేకుండా పని మారే హక్కు వచ్చింది. 2021 మార్చినుంచి వెయ్యి రియాళ్ల కనీస వేతనం అమలైంది. కాని యూనియన్ పెట్టుకునే హక్కు మాత్రం వలస కూలీకి రాలేదు. లుసైల్‌లో తొలి ఆట జరిగిన మూడు రోజులకు, 2022 ఆగస్టు 14న, నెలల తరబడి జీతాలందని కూలీలు దోహా వీధిలో నిలబడ్డారు. వారిలో కొందర్ని దేశంనుంచి పంపేశారు. హక్కును అడగడానికి గుంపుగా నిలబడే వీలు లేనప్పుడు, చట్టంలోని హక్కు యజమాని దయ మీదనే ఆధారపడుతుంది.

అయినా కథ దోహాలో మొదలు కాలేదు, మా మెట్టలో మొదలైంది. సోమశిల జలాశయం ఆత్మకూరుకు దగ్గరే. ఉదయగిరి చేలు మాత్రం ఆకాశంకేసి చూస్తుంటాయి. వాన లేని ఏడు అప్పు, అప్పు తీర్చడానికి వీసా, వీసాకు మళ్లీ అప్పు. మన ప్రభుత్వం ఏజెంటు ఫీజుకు ముప్పైవేల రూపాయల పరిమితి పెట్టింది. ఆ పరిమితిలో వెళ్లినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. అప్పుతో విమానమెక్కినవాడు ఎండను చూసి పని మానలేడు. కఫాలా ముడి వేసింది అక్కడైనా, తాడు పేనింది ఇక్కడనే.

ఆ కుర్రాడికి తర్వాత చెప్పాను: ముగ్గురూ నిజమే, ఆరువేల ఐదువందలూ నిజమే, నీ ప్రశ్నకు రెండూ జవాబు కావు. ఎవర్ని లెక్కించారని మొదట అడగాలి. ఆ ఏడాది మా తరగతి పిల్లలు ఒక నోటుపుస్తకం మొదలుపెట్టారు. తమ తమ వూళ్లలో గల్ఫుకు ఎవరు వెళ్లారు, ఎంత అప్పుతో వెళ్లారు, ఎలా తిరిగివచ్చారు అని ఇంటింటా అడిగి రాస్తున్నారు. మొదటి పేరు ఆ కుర్రాడి నాయనదే. మనిషి క్షేమంగా వున్నాడు. అప్పు గడిలో ఇంకా కొట్టివేత పడలేదు.