విజేతకు దక్కని బహుమతి: 1968 యు.ఎస్. ఓపెన్ పురుషుల సింగిల్స్

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఔత్సాహిక, వృత్తి క్రీడాకారులనే విభజన ఎలా ఏర్పడిందో వివరించగలుగుతారు.
• 1968లో టెన్నిస్ పోటీలు అందరికీ తెరుచుకోవడానికి కారణాలను చెప్పగలుగుతారు.
• ఒక పోటీ ఫలితాన్ని చారిత్రక ఆధారంగా ఎలా చదవాలో గ్రహించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

1968 సెప్టెంబరు 9న న్యూయార్క్ నగరంలోని ఫారెస్ట్ హిల్స్‌లో యు.ఎస్. ఓపెన్ పురుషుల సింగిల్స్ ఫైనల్ జరిగింది. అమెరికాకు చెందిన ఆర్థర్ ఆష్, నెదర్లాండ్స్‌కు చెందిన టామ్ ఓకర్‌ను 14–12, 5–7, 6–3, 3–6, 6–3 తేడాతో ఓడించాడు. మొదటి బహుమతి 14,000 డాలర్లు. ఆ డబ్బు ఓడిపోయిన ఓకర్‌కు వెళ్లింది. గెలిచిన ఆష్‌కు టైటిలు, రోజువారీ ఖర్చుల భత్యం మాత్రమే లభించాయి.

ఇందులో పొరపాటేమీ లేదు. అంతా నిబంధనల ప్రకారమే జరిగింది. ఆ నిబంధనలను ఎవరు చేశారు? ఎవరి కోసం చేశారు? వాటివల్ల ఎవరు నష్టపోయారు? ఈ పాఠంలో మనం చర్చించే ప్రశ్నలు ఇవే. క్రీడా చరిత్ర అంటే విజేతల జాబితా అని చాలామంది అనుకుంటారు. ఆ జాబితా వెనుక ఒక సమాజం తన గురించి తాను చెప్పుకోని విషయాలు ఉంటాయని ఈ ఒక్క పోటీ చూపిస్తుంది.

2. ‘ఔత్సాహికుడు’ ఎవరు?

డబ్బు తీసుకోకుండా, కేవలం ఇష్టంతో ఆడేవాడు ఔత్సాహికుడు. ఈ మాట వినడానికి ఎంతో ఉదాత్తంగా ఉంటుంది. కాని ఇది పుట్టిన కాలాన్ని గమనించండి. 19వ శతాబ్దపు ఇంగ్లాండులో ఆటలకు నియమాలు రాసినవారు భూస్వాములు, ధనిక కుటుంబాలవారు, పేరున్న పాఠశాలల్లో చదివినవారు. హెన్లీ పడవ పందేల నిర్వాహకులు 1879లో ఔత్సాహికుడిని నిర్వచించినప్పుడు చేతివృత్తులవారిని, కూలీలను అందులోంచి తొలగించారు. ఆ మనిషి పందెంలో డబ్బు తీసుకున్నాడా లేదా అన్నది కూడా వారు పట్టించుకోలేదు. శరీరశ్రమతో బతకడమే అతని అనర్హత అయింది.

టెన్నిస్‌లో ఇంత బాహాటమైన నిషేధం అవసరం కాలేదు. వింబుల్డన్ 1877లో మొదలైంది. అమెరికా జాతీయ పోటీలు 1881లో న్యూపోర్ట్‌లో, సంపన్నులు వేసవి గడిపే ఊరిలో మొదలయ్యాయి. పచ్చిక కోర్టులు క్లబ్బుల సొంతం. క్లబ్బులో సభ్యత్వం ఎవరికివ్వాలో సభ్యులే నిర్ణయిస్తారు. ఆటకు జీతం లేదన్నప్పుడు, జీతం లేకుండా బతకగలిగినవారే ఏళ్లతరబడి సాధన చేయగలరు.

మీలో చాలామంది ఉద్యోగమో వ్యవసాయమో చూసుకుంటూ, రాత్రిపూట మిగిలిన కాసింత సమయంలో ఈ పుస్తకం చదువుతున్నారు. తీరిక అనేది అందరికీ సమానంగా అందదని మీకు వేరే చెప్పనక్కరలేదు. ఔత్సాహిక నియమం పేరుకు డబ్బును నిషేధించింది. ఆచరణలో అది తీరిక లేనివారిని దూరంగా ఉంచింది.

3. వెలి, చాటుమాటు చెల్లింపులు

20వ శతాబ్దంలో టెన్నిస్ చూడటానికి వేలాదిమంది టిక్కెట్లు కొనసాగారు. ఆ ఆదాయం సంఘాలకు, క్లబ్బులకు చేరేది. ఆటగాళ్లకు మాత్రం చట్టబద్ధంగా వాటా లేదు. అందుకని పేరున్న ఆటగాళ్లకు ‘ప్రయాణ ఖర్చులు’ అనే పద్దు కింద చాటుగా డబ్బు ముట్టజెప్పే అలవాటు వచ్చింది. ఈ దొంగాటకు ఇష్టపడనివారు, లేదా బహిరంగంగా సంపాదించుకోవాలనుకున్నవారు వృత్తి క్రీడాకారులుగా మారేవారు. అలా మారిన మరుక్షణం వింబుల్డన్ మొదలైన పెద్ద పోటీల తలుపులు వారికి మూసుకుపోయేవి.

దీని ఫలితం చూడండి. పాంచో గొంజాలెస్ 1948, 1949 సంవత్సరాల్లో అమెరికా టైటిలు గెలిచి వృత్తిలోకి వెళ్లాడు. మళ్లీ ఆ పోటీలో అడుగుపెట్టేసరికి అతనికి 40 ఏళ్లు. కెన్ రోజ్‌వాల్ 1956లో గెలిచిన తరువాత పదేళ్లకు పైగా దూరమయ్యాడు. రాడ్ లేవర్ 1962లో నాలుగు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లనూ ఒకే ఏడాది గెలిచి, 1963 నుంచి 1967 వరకు వాటిలో దేనిలోనూ ఆడలేకపోయాడు. కాబట్టి ఆ సంవత్సరాల విజేతల పట్టికలు చూసేటప్పుడు అందులో ఉన్న పేర్లతో పాటు లేని పేర్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఈ ద్వంద్వనీతిని చివరికి బ్రిటిష్ వారే భరించలేకపోయారు. 1967 డిసెంబరులో బ్రిటన్ టెన్నిస్ సంఘం ఈ తేడాను రద్దు చేయాలని తీర్మానించింది. 1968 మార్చి 30న పారిస్‌లో అంతర్జాతీయ సమాఖ్య ఓపెన్ పోటీలకు అంగీకరించింది. ఏప్రిల్‌లో ఇంగ్లాండులోని బోర్న్‌మత్‌లో తొలి ఓపెన్ పోటీ జరిగింది. రోజ్‌వాల్ ఫైనల్లో లేవర్‌ను ఓడించాడు.

అయితే సమాఖ్య పాత విభజనను పూర్తిగా వదులుకోలేదు. కాంట్రాక్టు వృత్తి క్రీడాకారులు, నమోదిత క్రీడాకారులు, ఔత్సాహికులు అని వర్గాలు చేసి, తమ ఆటగాళ్లను ఏ వర్గంలో ఉంచాలో జాతీయ సంఘాల ఇష్టానికి వదిలింది. నమోదిత క్రీడాకారుడు తన దేశ సంఘం అధీనంలో ఉంటూనే బహుమతి డబ్బు తీసుకోవచ్చు. ఓకర్ ఈ వర్గంలో ఉన్నాడు. ఆష్ ఔత్సాహికుడు, డేవిస్ కప్‌లో అమెరికా తరఫున ఆడాలంటే అతను అలాగే ఉండాలి. 14,000 డాలర్లు చేతులు మారడానికి ఇదే కారణం.

4. ఆష్ అక్కడికి ఎలా వచ్చాడు?

ఆర్థర్ ఆష్ 1943లో వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో పుట్టాడు. ఆ ఊళ్లో నల్లజాతివారికి, తెల్లవారికి పార్కులు వేరు. అతని తండ్రి బ్రూక్‌ఫీల్డ్ అనే నల్లజాతివారి పార్కుకు సంరక్షకుడు. కుటుంబం పార్కులోనే నివసించేది. టెన్నిస్ కోర్టులు ఇంటి పక్కనే ఉండేవి. ఆరేళ్ల వయసులో తల్లి చనిపోయింది. తెల్లవారి బర్డ్ పార్కు కోర్టుల్లో ఆడటానికి అతన్ని రానివ్వలేదు.

లించ్‌బర్గ్‌లో రాబర్ట్ వాల్టర్ జాన్సన్ అనే నల్లజాతి వైద్యుడు తన ఇంటి దగ్గర కోర్టు వేయించి పిల్లలకు శిక్షణ ఇచ్చేవాడు. ఆట కంటే ముందు ఆయన నేర్పింది నిగ్రహం. ప్రత్యర్థి కొట్టిన బంతి గీతకు రెండు అంగుళాలు అవతల పడినా లోపల పడినట్టే భావించి ఆడాలి, అంపైరుతో వాదించకూడదు. నల్లజాతి పిల్లవాడు ఒక్కసారి గొంతు పెంచితే అతన్ని పోటీల నుంచి తప్పించడానికి అదే సాకవుతుందని ఆయనకు తెలుసు. ఆష్‌లో అందరూ మెచ్చుకున్న ప్రశాంతత స్వభావంతో పాటు ఇటువంటి చరిత్ర నుంచి కూడా వచ్చింది.

ఫైనల్ జరిగిన వేదికకూ ఒక చరిత్ర ఉంది. ఆల్థియా గిబ్సన్ 1950లో ఆ జాతీయ పోటీల్లో ఆడిన తొలి నల్లజాతి క్రీడాకారిణి. 1957, 1958లో ఆమె మహిళల టైటిలు గెలిచింది. కాని ఔత్సాహిక క్రీడ ఆమెకు బతుకుతెరువు చూపలేకపోయింది. ఆ తరువాత ఏడాదే, 1959లో, పోటీలు జరిగే వెస్ట్ సైడ్ టెన్నిస్ క్లబ్ రాల్ఫ్ బంచ్ కుమారుడికి సభ్యత్వం నిరాకరించింది. బంచ్ ఐక్యరాజ్యసమితి ఉన్నతాధికారి, 1950 నోబెల్ శాంతి బహుమతి గ్రహీత. విమర్శలు వచ్చిన తరువాత క్లబ్ క్షమాపణ చెప్పింది. ఆ తరువాత తొమ్మిదేళ్లకు అదే క్లబ్ కోర్టులో ఆష్ నిలబడ్డాడు.

5. 1968 పోటీ

ఆ ఏడాది ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగింది. జూన్‌లో రాబర్ట్ కెనడీ హత్యకు గురయ్యాడు. ఆష్ అప్పటికి సైన్యంలో లెఫ్టినెంట్. ఆగస్టులో అతను బోస్టన్ దగ్గర అమెరికా ఔత్సాహికుల టైటిలు గెలిచాడు. అయినా ఫారెస్ట్ హిల్స్‌లో వృత్తి క్రీడాకారులే గెలుస్తారని చాలామంది అనుకున్నారు.

అలా జరగలేదు. మొదటి సీడ్ లేవర్‌ను దక్షిణాఫ్రికాకు చెందిన క్లిఫ్ డ్రైస్‌డేల్ నాలుగో రౌండులో ఓడించాడు. ఐదో సీడ్ ఆష్ వరుసగా రాయ్ ఎమర్సన్‌ను, డ్రైస్‌డేల్‌ను, సెమీఫైనల్లో సహచరుడు క్లార్క్ గ్రేబ్నర్‌ను ఓడించాడు. మరోవైపు ఓకర్ గొంజాలెస్‌ను, రోజ్‌వాల్‌ను దాటి వచ్చాడు.

ఫైనల్ స్కోరును మరోసారి చూడండి. మొదటి సెట్టు ఒక్కటే 26 గేములు సాగింది. అప్పటికి టైబ్రేకర్ లేదు, యు.ఎస్. ఓపెన్‌లో అది 1970లో వచ్చింది. మొత్తం 65 గేముల్లో ఆష్ 34, ఓకర్ 31 గెలిచారు. ఆష్ 26 ఏస్‌లు కొట్టాడు. బహుమతి ప్రదానం వేళ అతని తండ్రి కోర్టులోకి వచ్చి కొడుకు పక్కన నిలబడ్డాడు. ఈ పోటీలో పురుషుల సింగిల్స్ గెలిచిన తొలి నల్లజాతి క్రీడాకారుడు ఆష్.

మహిళల సింగిల్స్ గెలిచిన వర్జీనియా వేడ్‌కు 6,000 డాలర్లు ఇచ్చారు. అంటే పురుషుల బహుమతిలో సగం కూడా కాదు. తలుపులు తెరిచిన తరువాత కూడా ఇంకా తెరవవలసిన తలుపులు మిగిలే ఉన్నాయి. యు.ఎస్. ఓపెన్‌లో సమాన బహుమతి 1973లో వచ్చింది.

6. తరువాతి పరిణామాలు

ఆ తరువాత ఆష్ బహుమతి డబ్బు తీసుకుని ఆడాడు. ఆటగాళ్ల హక్కుల కోసం పనిచేశాడు. 1972లో ఏర్పడిన వృత్తి క్రీడాకారుల సంఘం ఎ.టి.పి. వ్యవస్థాపకుల్లో అతను ఒకడు. ఆ సంఘం తొలి అధ్యక్షుడు, 1968లో అతని చేతిలో ఓడిన డ్రైస్‌డేల్. 1973లో ఒక సభ్యునిపై విధించిన నిషేధానికి నిరసనగా ఈ సంఘానికి చెందిన 81 మంది వింబుల్డన్‌ను బహిష్కరించారు. ఎవరు ఆడాలో ఎవరు ఆడకూడదో సంఘాల పెద్దలే నిర్ణయించే కాలం అంతటితో ముగియసాగింది.

ఆష్ 1975లో వింబుల్డన్ గెలిచాడు. ఆట మానిన తరువాత ఒక కళాశాలలో నల్లజాతి క్రీడాకారుల గురించి బోధించబోయి, సరైన పుస్తకం లేదని గుర్తించాడు. ఏళ్లతరబడి ఆధారాలు సేకరించి, 1988లో మూడు సంపుటాల చరిత్ర ప్రచురించాడు. పట్టికలో చోటు సంపాదించినవాడే, చోటు దొరకనివారి కథను వెలికితీశాడు. 1993లో ఆయన మరణించాడు. యు.ఎస్. ఓపెన్ ప్రధాన స్టేడియానికి 1997 నుంచి ఆయన పేరే ఉంది.

7. సారాంశం

ఒక నియమం అందరికీ ఒకేలా వర్తిస్తుందంటే అది అందరికీ న్యాయం చేస్తుందని అర్థం కాదు. ఔత్సాహిక నియమంలో కులీనుల పేరు గాని, తెల్లవారి పేరు గాని లేదు. అయినా అది ఎవరికి అనుకూలమో గొంజాలెస్ కోల్పోయిన ఏళ్లు, గిబ్సన్ ఇబ్బందులు, ఆష్‌కు అందని 14,000 డాలర్లు చెబుతాయి. ఇకమీదట ఏ రంగానికి చెందిన విజేతల పట్టిక కనిపించినా మీరు రెండు ప్రశ్నలు వేయండి: ఇందులో చేరడానికి ఎవరికి అర్హత ఉండేది? ఆ అర్హతను నిర్ణయించినది ఎవరు?

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఔత్సాహిక నియమానికి, తీరికకు ఉన్న సంబంధాన్ని వివరించండి.
2. ఆష్‌కు బహుమతి డబ్బు ఎందుకు దక్కలేదు?
3. 1963–67 మధ్య గ్రాండ్‌స్లామ్ విజేతల పట్టికలను చరిత్రకారుడు ఎందుకు జాగ్రత్తగా చదవాలి?
4. మీ ప్రాంతంలోని ఒక ఆటను గాని, కళను గాని తీసుకుని, అందులో ఎవరికి ప్రవేశం ఉండేదో, అది ఎలా మారిందో ఒక పేజీకి మించకుండా రాయండి.