ఎనిమిది గజాల కుచ్చిళ్లు

చీరకి కొలతలుండవు. అమ్మ కట్టిన చీరే కూతురూ కడుతుంది. ఇద్దరి నడుములకీ ఎంత తేడా ఉన్నా కుచ్చిళ్లు ఆ తేడాని గుట్టుగా దాచుకుంటాయి. రెండు కుచ్చిళ్లు ఎక్కువో తక్కువో, అంతే. రవికె దగ్గరికి వచ్చేసరికే అన్ని పేచీలూను! పట్టలేదు, వదులైంది, కుట్టు విప్పాలి, టైలరు లోపల గుడ్డ వదిలాడో లేదో చూడాలి. సూది దిగని గుడ్డ అందరిదీ. సూది దిగిందా, అది ఒక్కరిదే!

ఇది మన ఆడవాళ్లకి ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. కానీ స్కాట్లండు మగవాళ్లు మోకాళ్లదాకా తొడుక్కునే గళ్ల కిల్టు కూడా సరిగ్గా ఈ దారినే నడిచి వచ్చిందంటే విడ్డూరంగా లేదూ?

పదహారో శతాబ్దం చివర అక్కడి కొండ ప్రాంతాల్లో కిల్టంటే కుట్టులేని ఉన్ని దుప్పటి. నాలుగైదు గజాల పొడుగు, ఇంచుమించు మనిషెత్తు వెడల్పు. గేలిక్ భాషలో దాని పేరు ‘ఫేలా మోర్’, అంటే పెద్ద చుట్టు. నడుము దగ్గర చేత్తో కుచ్చిళ్లు పోసుకుని, మీద తోలు బెల్టు బిగించేవాళ్లు. నడుము పైన మిగిలిన గుడ్డని పమిటలా భుజానికి తగిలించేవాళ్లు. వాన వస్తే అదే నెత్తిన ముసుగు, రాత్రయితే అదే పక్కదుప్పటి. మనిషి చిక్కిపోతే బెల్టు ఇంకో బెజ్జం లోపలికి జరిగేది. ఆల్టరేషను అంటే అదే మరి!

పద్ధెనిమిదో శతాబ్దం మొదటి భాగంలో పై సగం విడిపోయి, కింది సగమే మిగిలింది. ఇది చిన్న చుట్టు. ఇన్వర్‌గారీలో ఇనుము కరిగించే కొలిమి పెట్టిన థామస్ రాలిన్సన్ అనే ఇంగ్లీషాయన తన పనివాళ్లకి అడ్డం రాకుండా ఈ మార్పు చేయించాడని 1785లో అచ్చయిన ఒక ఉత్తరం చెబుతుంది. మా దుస్తులకి ఇంగ్లీషువాడు కత్తెర పెట్టడమేమిటని స్కాట్లండువాళ్లు చాలామంది ఈ మాట ఒప్పుకోరు. వాళ్ల రోషం వాళ్లది!

ఈ గుడ్డ మీద ప్రభుత్వానికి కోపం కూడా వచ్చింది. 1746 ఏప్రిల్‌లో కల్లోడెన్ యుద్ధంలో తిరుగుబాటుదారులు ఓడిపోయాక, కొండవాళ్ల దుస్తులు కట్టకూడదని అదే ఏడాది చట్టం చేశారు. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల ఖైదు. రెండోసారైతే ఏడేళ్లు సముద్రాల అవతలికి ప్రవాసం. కట్టుకున్న గుడ్డకి అంత శిక్ష! సైనికులకి మినహాయింపు ఇచ్చారు. ఇంకో సంగతి గమనించండి. చట్టంలో మగవాళ్లూ, మగపిల్లలూ అనే రాశారు తప్ప ఆడవాళ్ల ఊసు లేదు. 1782లో రద్దయ్యేదాకా ఇళ్లల్లో ఆ గళ్ల గుడ్డ ఆడవాళ్ల ఒంటిమీద నిషేధం లేకుండా తిరిగింది.

చట్టం పోయాక, 1790ల నాటి కిల్టుల్లో సూది దిగింది. రోజూ చేత్తో పోసుకునే కుచ్చిళ్లని ఒక్కసారే కుట్టేశారు. అప్పుడు పట్టిన గుడ్డ నాలుగు గజాల లోపే. పోనుపోను కుచ్చిళ్లు ఒత్తయి, ఎనిమిది గజాల కిల్టు పేరుకెక్కింది. దానితోపాటే మన రవికె పేచీ వాళ్ల ఇంట్లోకీ వచ్చిపడింది.

రాజులకైనా నడుము నడుమే. 1822లో నాలుగో జార్జి ఎడిన్‌బరో వచ్చినప్పుడు, ఏర్పాట్లన్నీ నవలాకారుడు వాల్టర్ స్కాట్ చూశాడు. కిల్టూ, నగలూ, ఆయుధాలూ అన్నీ కలిపి రాజుగారి వేషానికి 1354 పౌన్లు అయింది. మోకాళ్లు కనపడకుండా ఆయన గులాబీరంగు మేజోళ్లు తొడిగాడు. రెండేళ్ల తర్వాత 50 అంగుళాల నడుముకి ఆయనకి కార్సెట్ కుట్టారంటే ఆ కిల్టు ఎంత చుట్టు చుట్టి ఉంటుందో ఊహించుకోండి. డేవిడ్ విల్కీ గీసిన బొమ్మలో మాత్రం మేజోళ్లు మాయం, మనిషి ఠీవిగా ఉంటాడు. కుంచెతో ఆల్టరేషను తేలిక!

సూదితో అంత తేలిక కాదు. మా అక్క కూతురు ఎడిన్‌బరోలో కాపురం ఉంటోంది. అల్లుడు స్కాట్లండు కుర్రాడే. వాళ్ల తాతగారి కోసం నాయనమ్మ చేత్తో కుట్టిన కిల్టు ఇతనికి అతికినట్టు సరిపోయేది. కిందటేడు పెద్ద జబ్బు చేసి లేచేసరికి నడుము మూడంగుళాలు తగ్గింది. చెల్లెలి పెళ్లికి ఆ కిల్టే కట్టుకోవాలని అతని కోరిక. కానీ నాయనమ్మ కుట్టు విప్పడానికి మనసొప్పదు. “ఏం చెయ్యమంటావు పిన్నీ? కొత్తది కొనమంటే ముఖం చిన్నబుచ్చుకుంటాడు” అని ఫోను చేసింది పిల్ల.

అక్కడ కిల్టులు కుట్టే ఒకావిడ దానికి లెక్క చెప్పిందట. ముందువైపు ఒకదాని మీద ఒకటి పడే రెండు సాదా రెక్కలు, వెనకంతా కుచ్చిళ్లు. పక్కనున్న బకిళ్లని జరిపితే ఒక అంగుళం తగ్గించవచ్చు. అంతకంటే జరిపితే ముందు రెక్క పక్కకి పోతుంది, గళ్ల నడిగీత బొడ్డుకి ఎదురుగా నిలవదు. మిగిలిన రెండంగుళాలూ కుచ్చిళ్లే మింగాలి. అతని కిల్టుకి 24 కుచ్చిళ్లు. ఒక్కోదానికి అంగుళంలో పన్నెండో వంతు. అందులో దారమంత తప్పు జరిగినా 24 సార్లు జరుగుతుంది! పైగా వెనక కుచ్చిళ్లన్నీ కలిస్తే గళ్లు తెగకుండా కనిపించేట్టు అమర్చి ఉంటాయి. అవి చెదరకూడదు. నేత అంచే కింది అంచు కనక కిందవైపు కత్తెర పెట్టడమూ కుదరదు. అస్తరు విప్పి, నడుము పట్టీ విప్పి, ఒక్కో కుచ్చీ నడుము దగ్గర సన్నం చేసుకుంటూ రావాలి. మిషను పనికిరాదు.

“నువ్వే కుట్టు” అన్నాను. మా అక్క దగ్గర రవికెలు విప్పి కుట్టిన చెయ్యే కదా! అతను మాత్రం ఇంకా సరే అనలేదు.

చివరికి చూడటానికని అస్తరు ఒక మూల ఊడదీసింది. లోపల ప్రతి కుచ్చి పక్కనా సన్నటి పాత గీత, ఇదివరకు ఇంకోచోట కుట్టు నడిచిన ఆనవాలు. కొన్ని చోట్ల దారం రంగు వేరు. అంటే తాతగారి నడుమూ ఎప్పుడో మారింది. నాయనమ్మ తన కుట్టు తనే విప్పి మళ్లీ కుట్టింది. మళ్లీ విప్పవలసి వస్తుందని తెలిసే కాబోలు, ఎక్కడా గుడ్డని కొరికి కట్టలేదు, గట్టి ముళ్లు వెయ్యలేదు.

అతను చాలాసేపు ఆ గీతలకేసి చూస్తూ కూర్చున్నాడట. తర్వాత చిన్న కత్తెర తనే అందించాడట.

పని పూర్తికావడానికి మూడు వారాలు పట్టింది. విప్పిన పాత దారప్పోగులన్నీ ఒక అగ్గిపెట్టెలో దాచానని చెప్పింది పిల్ల. అవెందుకే, పారెయ్యక అని అనబోయి, నోరు రాక ఊరుకున్నాను.